శుక్రవారం సిరీస్‌కు సోమవారం నుంచి

శుక్రవారం మొదలయ్యే సిరీస్ నాకు సోమవారం నుంచే మొదలవుతుంది. ఈ వారాంతం ఆర్లింగ్టన్‌లో మా బేస్‌బాల్ జట్టు టెక్సస్ రేంజర్స్, హ్యూస్టన్ జట్టు ఆస్ట్రోస్ మధ్య మూడు ఆటలున్నాయి. ఇది రాస్తున్నది గురువారం సాయంత్రం. టీవీలో రేంజర్స్ ఆట నడుస్తోంది. ఈ ఆట గెలవాలని ఉంది, నిజమే. కానీ అంతకంటే ఎక్కువగా, ఆట మధ్యలో దిగడానికి బుల్‌పెన్ అనే చోట కూర్చున్న పిచర్లు, అంటే బంతి వేసేవాళ్లు, ఈ రాత్రి ఎక్కువ బంతులు వేయకుండా ఉండాలని ఉంది. వాళ్లు రేపటికి కావాలి.

మా మామయ్యగారు గుంటూరు నుంచి వచ్చి మా ఇంట్లో కొన్నాళ్లు ఉన్నప్పుడు రోజూ నా పక్కన కూర్చుని ఆట చూసేవారు. ఒకరోజు అడిగారు: "నిన్న గెలిచారు కదా అల్లుడుగారూ, మళ్లీ ఇవాళ కూడా వాళ్లతోనే ఎందుకు ఆడుతున్నారు?" చాలా మంచి ప్రశ్న. బేస్‌బాల్‌ను ఒక్కొక్క ఆటగా చూసినంత కాలం నాకూ అది అంతుపట్టలేదు. సిరీస్‌గా చూడటం అలవాటయ్యాకే ఈ ఆటలో పడ్డాను.

ఆయనకు చెప్పిన జవాబు ఇది. క్రికెట్‌లో మంచి బౌలర్ ఉంటే అన్ని మ్యాచ్‌లకూ అతనే కొత్త బంతి అందుకుంటాడు. ఇక్కడ అలా కుదరదు. ఆట మొదలుపెట్టే పిచర్ తొంభై, వంద బంతులు బలమంతా పెట్టి వేస్తాడు. ఆ తర్వాత నాలుగైదు రోజులు ఆ చెయ్యికి విశ్రాంతి ఇవ్వాలి. మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరి దాకా 162 ఆటలు, దాదాపు రోజుకొకటి. అందుకని ప్రతి జట్టూ అయిదుగురు పిచర్లను వరుసలో పెట్టుకుంటుంది. మూడు ఆటల సిరీస్‌లో ఆ అయిదుగురిలో ముగ్గురే ఎదురవుతారు. బ్యాట్ పట్టేవాళ్లు దాదాపుగా వాళ్లే, మైదానం అదే, కానీ శుక్రవారం ఆట వేరు, శనివారం ఆట వేరు. నిన్న గంటకు 98 మైళ్ల వేగాన్ని ఎదుర్కొన్న బ్యాటర్ ఇవాళ నెమ్మదిగా వంగి పడే బంతిని ఎదుర్కోవాలి.

మామయ్యగారు కాసేపు ఆలోచించి, "అయితే ఎవరి వంతు ఎప్పుడొస్తుందో ముందే తెలుస్తుందన్నమాట" అన్నారు. అదే అసలు విషయం. సోమవారం నేను చేసే మొదటి పని ఆ లెక్కే. రెండు జట్ల వరుసలూ రాసుకుని, ఎక్కడ ఖాళీ రోజు వచ్చిందో, ఎవరు గాయంతో ఆగారో చూసి, శుక్ర, శని, ఆదివారాల్లో ఎవరికి ఎవరు తగులుతారో అంచనా వేస్తాను. జట్లు అధికారికంగా ప్రకటించేసరికి ఒకటో రెండో మారతాయి. మారినప్పుడు ఎందుకు మారాయో వెతకడంలో మరో సాయంత్రం గడిచిపోతుంది.

నాకు ఈ పద్ధతి నేర్పింది మా ఆఫీసులో ఒక పెద్దాయన. జట్టు 1972లో వాషింగ్టన్ నుంచి ఆర్లింగ్టన్‌కు వచ్చినప్పుడు ఆయన బడికి వెళ్లే పిల్లవాడట. అప్పటి నుంచీ రేంజర్స్ అభిమాని. ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్‌లో 2011 నాటి ఆరో ఆట గురించి ఎవరైనా ఎత్తితే ఆయన అక్కడి నుంచి లేచి వెళ్లిపోతారు. ఆ రాత్రి సెయింట్ లూయిస్‌లో రేంజర్స్ కప్పుకు ఒక్క స్ట్రైక్ దూరంలో నిలిచారు (మూడు స్ట్రైకులైతే బ్యాటర్ అవుట్), అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. ఆట ముగియాల్సిన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒకసారి, అదనపు పదో ఇన్నింగ్స్‌లో ఒకసారి. రెండుసార్లూ అక్కడి జట్టు కార్డినల్స్ స్కోరు సమం చేసి, పదకొండో ఇన్నింగ్స్‌లో 10-9తో గెలిచారు. మరునాడు ఏడో ఆట కూడా పోయింది. నేను అప్పటికి ఈ దేశం రాలేదు. ఆయన ముఖం చూసి ఆ రాత్రి ఎలాంటిదో తెలుసుకున్నాను.

ఆయనే నాకు స్కోరు రాయడం నేర్పారు. మైదానంలో ప్రతి స్థానానికీ ఒక అంకె ఉంటుంది. పిచర్ 1, బ్యాటర్ వెనక కూర్చుని బంతి అందుకునే క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, లెఫ్ట్ ఫీల్డ్ నుంచి రైట్ ఫీల్డ్ దాకా 7, 8, 9. షార్ట్‌స్టాప్ బంతి అందుకుని సెకండ్ బేస్‌కు, అక్కడి నుంచి ఫస్ట్ బేస్‌కు విసిరి ఇద్దరిని అవుట్ చేస్తే కాగితం మీద 6-4-3 అని రాస్తాం. మూడు స్ట్రైకులు పడి అవుటైతే, అంటే స్ట్రైకవుట్ అయితే, ఇంగ్లీషు కె అక్షరం. బ్యాటర్ బ్యాటు కదపకుండా చూస్తూ నిలబడి అవుటైతే అదే అక్షరం తిరగేసి రాస్తాం. బ్యాటర్ బేస్‌లన్నీ చుట్టి వచ్చి పరుగు తెస్తే ఆ గడిలోని చిన్న వజ్రాకారాన్ని పెన్సిలుతో నింపాలి. మొదట్లో ఒక ఇన్నింగ్స్ రాసేసరికి ఆట ముందుకు వెళ్లిపోయేది. బేస్‌లు ఖాళీగా ఉంటే పిచర్ పదిహేను సెకన్లలో బంతి వేసి తీరాలన్న గడియారం నిబంధన 2023లో వచ్చాక ఇంకా తొందరగా రాయాల్సి వస్తోంది. అయినా ఆ నిబంధన నాకు ఎంతో ఇష్టం. రాత్రి ఏడింటికి మొదలైన ఆట పదిలోపే అయిపోతుంది, పిల్లలను తీసుకువెళ్లవచ్చు.

నేర్చుకున్నది మాత్రం పెద్ద స్టేడియంలో కాదు, మా ఊళ్లోనే. ఫ్రిస్కోలో రఫ్‌రైడర్స్ అని రేంజర్స్‌కు చెందిన డబుల్-ఏ జట్టు, అంటే మేజర్ లీగ్‌కు రెండు మెట్లు కింద ఆడే జట్టు ఉంది. మైదానం చిన్నది, టికెట్టు చవక, మనవాళ్ల కుటుంబాలు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. పైకి వెళ్లబోయే కుర్రాళ్లను అక్కడ దగ్గర నుంచి చూడవచ్చు. కుమార్ రాకర్ కూడా ఆ దారినే వెళ్లాడు. తల్లి వైపు వాళ్లది భారతదేశం. కాలేజీలో ఉండగా 2019లో ఒకే ఆటలో 19 మందిని స్ట్రైకవుట్ చేసి, ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. 2022లో జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో రేంజర్స్ అతన్ని మూడో స్థానంలో తీసుకున్నారు. ఆ తర్వాత మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. 2024 సెప్టెంబరులో సియాటెల్‌లో మేజర్ లీగ్‌లో తొలి బంతి వేశాడు. "కుమార్" అన్న పేరు స్టేడియం మైకులో వినబడితే మా వరుసలో కూర్చున్నవాళ్లందరం లేచి నిలబడతాం. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు, అది మాకు గర్వంగానే ఉంటుంది.

బుధవారం, గురువారం నా పని బుల్‌పెన్ పట్టీ. ఒక నోటు పుస్తకంలో ఎడమ వైపు రిలీవర్ల (మొదటి పిచర్ తర్వాత దిగేవాళ్ల) పేర్లు, పక్కన రోజుల గడులు. ఎవరు ఏ రోజు ఎన్ని బంతులు వేశారో ఆ గడిలో రాస్తాను. వరుసగా రెండు రోజులు వేసినవాడు మూడో రోజు సాధారణంగా కూర్చుంటాడు. ఒకేరోజు ముప్ఫై బంతులు దాటినవాడూ మరునాడు రాడు. ఈ రోజుల్లో మొదటి పిచర్ అయిదారు ఇన్నింగ్స్ వేయడమే గొప్ప, మిగతా మూడు నాలుగు ఇన్నింగ్స్ వీళ్లవే. నెలాఖరులో చేతిలో మిగిలిన డబ్బులా లెక్క చూసుకుని వాడాల్సిన బలం ఇది. పైగా 2020 నుంచి రిలీవర్ ఎవరైనా కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలి, లేదా ఇన్నింగ్స్ ముగించాలి. ఎడమచేతి బంతి ఎడమచేతి బ్యాటర్‌కు కష్టమని ఒక్క బ్యాటర్ కోసం ఒక ఎడమచేతి పిచర్‌ను దించి వెంటనే మార్చేయడం ఇప్పుడు కుదరదు. ఆస్ట్రోస్‌లో యోర్డాన్ అల్వారెజ్ లాంటి ఎడమచేతి బ్యాటర్ కోసం ఎవరిని దించినా, అతని తర్వాత వచ్చే కుడిచేతి వాళ్లను కూడా ఆ పిచరే చూసుకోవాలి. శుక్రవారం ఏడో ఇన్నింగ్స్‌లో మేనేజర్ ఏ పేరు పిలుస్తాడన్నది నిజానికి ఈ రాత్రి నిర్ణయమవుతోంది.

ఇంత లెక్క ఎందుకని మా ఆవిడ ఎప్పుడైనా అడిగితే 2023 సంవత్సరమే నా జవాబు. ఆ ఏడాది నుంచి ఒకే డివిజన్ (అయిదు జట్ల గుంపు) జట్లు సీజన్లో 13 సార్లే ఎదురుపడుతున్నాయి. అంతకుముందు 19 ఉండేవి. సెప్టెంబరు 4, 5, 6 తేదీల్లో ఆస్ట్రోస్ ఆర్లింగ్టన్‌కు వచ్చి మూడు ఆటలూ గెలిచారు: 13-6, 14-1, 12-3. మంగళవారం నాటి స్కోరు కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఆస్ట్రోస్ బ్యాటర్ హోసే ఆల్టూవే వరుసలో మొదటి మూడు ఇన్నింగ్స్‌కూ మూడు వజ్రాలు నల్లగా నిండి ఉంటాయి. మూడు ఇన్నింగ్స్‌లో మూడు హోమ్ రన్లు, బంతిని గోడ దాటించి బేస్‌లన్నీ చుట్టి వచ్చే దెబ్బలు. మూడోది నింపేటప్పుడు పెన్సిలు ఎంత గట్టిగా నొక్కానంటే కాగితం వెనకవైపుకు గుర్తు దిగింది.

నెల చివరి వారాంతం సియాటెల్‌లో. నాలుగు ఆటలు మిగిలి ఉండగా రేంజర్స్ ఆస్ట్రోస్ కంటే రెండున్నర ఆటలు ముందున్నారు (గెలుపుల తేడా, ఓటముల తేడా కలిపి సగం చేసే లెక్క ఇది). గురువారం చివరి ఇన్నింగ్స్‌లో 3-2తో ఓడారు. శుక్రవారం కూడా ఓటమే, 8-0. శనివారం 6-1తో గెలిచి ప్లేఆఫ్‌లో చోటు ఖాయం చేసుకున్నారు. ఆదివారం, అక్టోబరు 1, ఒక్క ఆట గెలిస్తే డివిజన్ మాది. 1-0తో ఓడిపోయారు. అదే మధ్యాహ్నం ఆస్ట్రోస్ అరిజోనాలో గెలిచారు. రెండు జట్లూ 90 గెలుపులు, 72 ఓటములతో సమం. ఇలాంటప్పుడు అదనపు ఆట ఆడించే పద్ధతి 2022లోనే తీసేశారు. పరస్పరం ఆడిన ఆటల్లో ఎవరిది పైచేయి అన్నదే చూస్తారు. ఆస్ట్రోస్ 9, మేము 4. డివిజన్ వాళ్లది. సెప్టెంబరులో ఆర్లింగ్టన్‌లో పోయిన ఆ మూడింటితో పాటు, ఏప్రిల్‌లోనో జులైలోనో ఎవరూ పట్టించుకోకుండా వదిలేసిన ఆటలు కూడా ఆ తొమ్మిదిలో ఉన్నాయి. "ఇంకా బోలెడు ఆటలున్నాయి, ఒక్క వారాంతం పోతే ఏమిటి?" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అదే అక్టోబరులో మళ్లీ వాళ్లే ఎదురయ్యారు. వరల్డ్ సిరీస్‌కు ముందు మెట్టు అయిన లీగ్ ఛాంపియన్‌షిప్‌లో అయిదో ఆట, 20వ తేదీ, శుక్రవారం, ఆర్లింగ్టన్. నేను పై అంతస్తులో ఉన్నాను. ఆరో ఇన్నింగ్స్‌లో మా బ్యాటర్ అడోలిస్ గార్సియా, ఆస్ట్రోస్ పిచర్ జస్టిన్ వర్లాండర్ బంతిని లెఫ్ట్ ఫీల్డ్ స్టాండ్స్‌లోకి కొట్టాడు. మూడు పరుగులు. మా కాళ్ల కింద మెట్లు అదిరాయి. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అతను మళ్లీ వచ్చినప్పుడు మొదటి బంతే వచ్చి చేతికి తగిలింది. రెండు జట్ల వాళ్లూ మైదానంలోకి పరుగెత్తారు, తోపులాట, ముగ్గురిని బయటకు పంపారు. ఆ గొడవ సాగినంత సేపూ మా రిలీవర్ హోసే లెక్లర్క్ కూర్చునే ఉన్నాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు బేస్‌ల మీదకు చేరాక ఆల్టూవే కొట్టిన బంతి లెఫ్ట్ ఫీల్డ్ గోడ దాటింది. 5-4. నలభై వేల మంది నిలబడ్డ చోటే నిలబడిపోయారు. అంతసేపు ఆగిన చెయ్యి చల్లబడకుండా ఉంటుందా అన్న ప్రశ్న ఆ రాత్రి ఇంటికి వస్తున్నంత సేపూ నన్ను వదల్లేదు. నా బుల్‌పెన్ పట్టీకి "ఎంతసేపు కూర్చున్నాడు" అన్న గడి చేరింది ఆ రాత్రి నుంచే.

ఆ తర్వాత హ్యూస్టన్‌లో రెండు ఆటలూ మేమే గెలిచాం, 9-2, 11-4. ఏడు ఆటల్లో ఏడూ అతిథి జట్టే గెలిచింది. ఆ ప్లేఆఫ్ మొత్తంలో రేంజర్స్ బయట ఆడిన 11 ఆటల్లో 11 గెలిచారు, సొంత మైదానంలో ఆరింట రెండే గెలిచారు. నవంబరు 1న ఫీనిక్స్‌లో అరిజోనా జట్టును 5-0తో ఓడించి తొలిసారి వరల్డ్ సిరీస్ అందుకున్నారు. మరునాడు మా ఆఫీసు పెద్దాయన సెలవు పెట్టలేదు. ఉదయాన్నే వచ్చి ఒక్కొక్కరి బల్ల దగ్గరకూ వెళ్లి చేయి కలిపారు. నా దగ్గర ఆగి, 2011 గురించి మొదటిసారి తనంతట తానే మాట్లాడారు.

ఆస్ట్రోస్ మీద నాకు కోపం లేదని అనను. 2017లో వాళ్లు వరల్డ్ సిరీస్ గెలిచిన సీజన్లో, ఏ బంతి వేయాలో పిచర్‌కు చెప్పే ఎదుటి క్యాచర్ సైగలను కెమెరాతో పట్టి, చెత్తడబ్బా మీద కొట్టి తమ బ్యాటర్‌కు చేరవేశారని 2020 జనవరిలో లీగ్ విచారణలో తేలింది. 50 లక్షల డాలర్ల జరిమానా పడింది, మేనేజర్, జనరల్ మేనేజర్ ఇద్దరూ ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఇప్పుడు క్యాచర్లు వేళ్ల సైగలు మానేసి చిన్న ఎలక్ట్రానిక్ పరికరం నొక్కి చెబుతున్నారు. అయినా 2023 సెప్టెంబరులో మమ్మల్ని చిత్తు చేసినప్పుడు ఏ చెత్తడబ్బా లేదు, అది వాళ్ల ఆట. ఆ మాట ఒప్పుకోవడం ధర్మం.

పైగా ఆ జట్టు మా ఇంట్లోనూ ఉంది. అక్కా బావా ఉండేది హ్యూస్టన్ పక్కన షుగర్‌ల్యాండ్‌లో. మా ఫ్రిస్కోలో రేంజర్స్ డబుల్-ఏ జట్టు ఉన్నట్టే వాళ్ల ఊళ్లో ఆస్ట్రోస్ ట్రిపుల్-ఏ (మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద) జట్టు ఉంది. మేనల్లుళ్లిద్దరూ ఆ మైదానంలోనే పెరిగారు. మొన్న బావ ఫోను చేశాడు. "ఏమోయ్, టికెట్లు తీసుకున్నావా? ఫస్ట్ బేస్ వైపు తీసుకో, పిల్లలకు ఆల్టూవే దగ్గరగా కనబడాలి" అన్నాడు. "తీసుకున్నాను బావా. కనబడతాడు, బేస్ మీదకు మాత్రం రానివ్వం" అన్నాను. అక్క ఫోను లాక్కుని, "పులిహోర కలుపుకొని రానా? లోపలికి పోనిస్తారా?" అని అడిగింది. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుంటే పోనిస్తారని చెప్పాను. చాలా దూరం దారి, శనివారం పొద్దున్నే బయలుదేరతారు.

టికెట్ల విషయంలోనూ ఆలోచించాల్సి ఉంటుంది. చాలామంది ఆదివారం మధ్యాహ్నం ఆట తీసుకుంటారు, పిల్లలకు వీలని. కానీ శనివారం రాత్రి పొద్దుపోయేదాకా ఆడి, మరునాడు ఒంటిగంటన్నరకు మళ్లీ దిగాలంటే మేనేజర్ ఒకరిద్దరికి విశ్రాంతి ఇస్తాడు. క్యాచర్ దాదాపుగా మారతాడు, తొమ్మిది ఇన్నింగ్స్ గొంతుక్కూర్చుని లేచే పని అది. ఒక ఆటగాడి కోసమే వెళ్లేవాళ్లు శుక్రవారమో శనివారమో వెళ్లడం మేలు. మేము శనివారం తీసుకున్నాం. ఎండ గురించి ఇప్పుడు భయం లేదు. 1994లో కట్టిన పాత స్టేడియానికి కప్పు లేదు, జులై, ఆగస్టుల్లో అక్కడ కూర్చోవడం ఓర్పుకు పరీక్ష అని పెద్దాయన చెబుతారు. 2020లో తెరిచిన ఈ గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌కు జరిగే కప్పు, లోపల ఏసీ. ఆర్లింగ్టన్‌లో స్టేడియం దాకా తీసుకెళ్లే రైలు లేదు కాబట్టి కారు ముందుగా తీయాలి, అంతే.

ఈ మూడు రోజుల్లో నేను చూడదలచినవి కొన్ని ఉన్నాయి. మా కోరీ సీగర్ ఎడమచేతి బ్యాటర్, అతను బలంగా కొట్టే వైపున రైట్ ఫీల్డ్ గోడ మూలన 326 అడుగులే. ఆస్ట్రోస్ పిచర్లు అతనికి బంతి లోపలికి వేయడానికి జంకుతారు. రెండుసార్లు వాక్ (కొట్టకుండానే ఫస్ట్ బేస్) ఇచ్చి పంపినా నష్టం లేదనుకుంటారు. అప్పుడు అతని వెనక వచ్చే బ్యాటర్ ఏం చేస్తాడన్నదే ఈ సిరీస్. మూడింట రెండు గెలిస్తే నాకు చాలు. మూడూ కావాలని పిల్లలు అంటున్నారు. ఒక్కటైనా సరేనన్న మాట మాత్రం ఈసారి నా నోట రాదు, పదమూడే ఆటలు ఉన్నప్పుడు ఒక్కొక్కటీ చివరకు తూకంలోకి వస్తుంది.

ఇప్పుడు టీవీలో ఏడో ఇన్నింగ్స్. బుల్‌పెన్‌లో ఇద్దరు లేచి చేతులు తిప్పుతున్నారు. ఒకడు నిన్న కూడా వేశాడు, అతన్ని దించకూడదని నా కోరిక. రేపు శుక్రవారం ఆటకు పెద్దాయనా నేనూ వెళుతున్నాం. ఆఫీసు నుంచి నాలుగున్నరకే బయలుదేరాలని అనుకున్నాం. ఆల్టూవే మొదటి బంతికే బ్యాటు ఊపే మనిషి, ఆ బంతి వేసే వేళకు మేము సీట్లలో ఉండి తీరాలి.